గోడకు అటొకామె, ఇటొకామె

మా ఊరు గడ్డపోతారం దిక్కు కంపెనీలకు దగ్గర. ఊర్ల నేను ఆశా వర్కర్‌ను. పన్నెండేండ్లాయె. కడుపుతోని ఉన్నోళ్ల పేర్లు రాసుకొనుడు, దవాఖానకు తోల్కపోవుడు, గోళీలిచ్చుడు, కాన్పయినంక పిల్లను తూకం వేసుడు నా పని. నాకూ ఒక పేరుంది గని ఊర్ల ఎవ్వరూ పిలువరు. చిన్నోళ్లకు, పెద్దోళ్లకు అందరికీ ఆశమ్మనే.

మా ఊరి పటేలుకు రోడ్డు పక్కన పొలం ఉండె. మా అత్త, మా వాడల ఆడోళ్లందరూ ఆ పొలంల కూలికి పోయినోళ్లే. కంపెనీలు వచ్చినంక బోరు నీళ్లు ఖరాబైనయి, వరి వేసుడు బంద్ పెట్టిండ్రు. పటేలు అక్కడ్నే కొత్త ఇల్లు కట్టిండు. ఇంటెనక ఒక్క వరుసగ రేకుల రూములు కట్టి కిరాయికిచ్చిండు. ఇంటికి, రూములకు నడుమ ఆరడుగుల గోడ. ఇంటి గేటు రోడ్డు మీదికి, రూముల గేటు వెనక గల్లీలకు. రూములల్ల ఉండేటోళ్లు బిహార్, జార్ఖండ్, ఒడిశా దిక్కు నుంచి వచ్చి కంపెనీలల్ల కాంట్రాక్టు పని చేసుకునేటోళ్లు. ఊరోళ్లు అందరినీ కలిపి హిందీవాళ్లు అంటరు.

మూడేండ్ల కింద, వానలు మొదలైన వారంల, ఆ గోడకు రెండు దిక్కులా నాకు ఒక్కొక్క పేరు దొరికింది. ముందు పటేలు కోడలుది. పెండ్లయి రెండేండ్లు, డిగ్రీ చదివింది, అయిదో నెల. పటేలమ్మ నన్ను వరండాల కూసోబెట్టి, లోపలున్న కోడలును పిలిచి, "ఆశమ్మ వచ్చింది, నీ పేరు రాపియ్యి" అన్నది. కోడలు నవ్వుకుంట వచ్చి కుర్చీల కూసున్నది. వాళ్లు పింగాణి కప్పులల్ల చాయ్ తాగిండ్రు, నాకు కాగితం గ్లాసుల వచ్చింది. అది నాకు కొత్త కాదు. కాగితం గ్లాసులు వచ్చినంక ఆ సంగతి ఎవరూ మాట్లాడాల్సిన పనే లేకుంట పోయింది.

"హైదరాబాద్‌ల చూపిస్తున్నం" అన్నది పటేలమ్మ. "నువ్వు ఊరికే లెక్కకు రాసుకో."

రాసుకున్న. అక్కడ్నుంచి గల్లీ తిరిగి వెనక గేటుకు పోయిన. రూములల్ల పగటిపూట సగం తాళాలే ఉంటయి. ఆఖరి రూము ముంగట ఒక పిల్ల కూసోని బియ్యంల రాళ్లు ఏరుతున్నది. ఇరువై ఏండ్లు ఉంటయో లేవో. సన్నగ ఉన్నది. చేతుల మీద పచ్చబొట్లు, మొగులు కమ్మినట్ల కండ్ల కింద నలుపు. లేచి నిలవడ్డప్పుడు కడుపు కనబడ్డది.

"కిత్నా మహీనా?" అని అడిగిన, ఎన్నో నెల అని. నాకొచ్చే హిందీ గంతే, టీవీల చూసి, కంపెనీలోళ్లతోని మాట్లాడి నేర్చింది.

ఆమె తల ఊపింది. ఇంకోసారి అడిగిన. మళ్ల తల ఊపింది. అప్పుడు తెలిసింది ఆమెకు హిందీ రాదని. సాయంత్రం ఆమె పెనిమిటి షిఫ్టు దిగినంక మళ్ల పోయిన. ఆయన హిందీ నాలెక్కనే అరకొర. ఆమెకు గూడ అయిదో నెలనే అని చెప్పిండు. ఒడిశాల కొండల మీద వాళ్ల ఊరు. వాళ్లు మాట్లాడేది ఒరియా కూడ కాదు, వాళ్ల జాతిది వేరే భాష. ఆయన మందుల కంపెనీల పన్నెండు గంటల డ్యూటీ. ఆమె ఊరి బయట డ్రమ్ముల గోదాంల పని. కంపెనీలల్ల కాలీ అయిన డ్రమ్ములు అక్కడికి తెస్తరు, ఆడోళ్లు కడిగి ఆరబెడ్తరు, మళ్ల అమ్ముతరు. లోపల ఏ మందు ఉండెనో కడిగేటోళ్లకు తెల్వది. ఆమె అరచేతులు చూసిన. తోలు లేచిపోయి ఎర్రగ ఉన్నయి.

"ఆ పనికి పంపకు" అన్న. ఆయన "ఠీక్ హై" అన్నడు. పంపుడు ఆపలె. ఆపితే వాళ్లకు ఎట్ల ఎళ్తది?

మరుసటి వారం ఆమెను ఆటోల ఎక్కించుకొని సర్కారు దవాఖానకు తోల్కపోయిన. లైన్ల ఇరువై మంది ఉన్నరు. మా ముంగట ఒకామె వెనక్కి తిరిగి చూసి, "ఈళ్లు గూడ ఇక్కడికే రావాల్నా?" అన్నది, నాతోనే, తెలుగుల. ఈమెకు అర్థం కాలె. ఆమె మొకం చూసి నవ్వింది.

వేలు గుచ్చి చూస్తే రక్తం ఏడు పాయింట్లే ఉన్నది. పదకొండు ఉండాలె. నర్సమ్మ కంప్యూటర్ల పేరు ఎక్కియ్యబోయింది. ఆధార్ నంబరు కొడితే ఫోనుకు ఓటీపీ పోతది. ఆ ఫోను ఆమె తోడబుట్టిన అన్న కాడ ఉన్నది. అన్న కొండ మీద ఉన్నడు, అక్కడ సిగ్నల్ రాదు. మూడుసార్లు కొట్టింది.

"ఓటీపీ లేంది ఐడీ రాదు. ఐడీ లేంది స్కానింగ్‌కు రాయరాదు" అన్నది నర్సమ్మ. మనిషి చెడ్డదేం కాదు. ఆ రోజు ఆమె ఒక్కతే ఉన్నది, ఇంకో నర్సు సెలవుల ఉన్నది. "వచ్చే నెల తోల్కరా, జూద్దాం. అప్పటిదాక గోళీలియ్యి."

డాక్టరమ్మ తెలుగుల చెప్పింది, హిందీల చెప్పింది. తిన్నంక రోజుకొక గోళీ, చాయ్ తోని వేసుకోవద్దు, బరువు ఎత్తొద్దు. ఆమె ప్రతి మాటకూ తల ఊపింది. డాక్టరమ్మ "తెలివిగల్ల పిల్లే" అని వెనకున్న ఆమెను పిలిచింది.

నెల అయినంక పోయి చూస్తే గోళీలు అట్లనే ఉన్నయి, నాలుగైదు తప్ప. పెనిమిటిని అడిగితే ఆమెను అడిగి చెప్పిండు. కండ్లు తిరిగినప్పుడు వేసుకోవాలె అనుకున్నదట. కండ్లు తిరిగిన రోజే ఒకటి వేసుకున్నది. నాకు కోపం వచ్చింది, ఆమె మీద. ఇంటికి పోతున్నప్పుడు యాది చేసుకున్న. గోళీలు ఇచ్చిన రోజు, రక్తం తక్కువున్నది అని చెప్పెటందుకు నేనే నా తల పట్టుకొని, కండ్లు మూసి, ఒరిగినట్ల చేసి చూపెట్టిన. చూపెట్టి గోళీ నోట్లె వేసుకున్నట్ల చేసిన. ఆమె నేను చెప్పినట్లనే చేసింది.

అటుమొకాన పటేలు కోడలును ఏడో నెలల హైదరాబాద్‌ల ఫ్లాటుకు పంపిండ్రు. ఆ దినాలల్ల పొద్దుగాల, సాయంత్రం కంపెనీల దిక్కు నుంచి వాసన మస్తు వస్తుండె. కుళ్లిన గడ్డి లెక్క, ముక్కుల గుచ్చేటట్లు. మా కాడ అందరికీ అలవాటే. కండ్లు మండుతయి, గొంతు గీరుకుంటది, తలనొస్తది, మొకం కడుక్కొని పనికి పోతం. పటేలమ్మ కారు ఎక్కించుకుంట నాతోని చెప్పింది, "ఈ గాలి పిల్లకు మంచిది కాదన్నరు డాక్టర్లు." నిజమే. ఆ గాలి గోడ ఆగమంటే ఆగదు, రెండు దిక్కులా ఒక్కతీర్గనే వస్తది. కాకపోతే ఒక దిక్కు కారున్నది.

ఆరో నెలల, ఏడో నెలల రూముల ఆమెను దవాఖానకు మళ్ల తోల్కపోవాలె. ఒకసారి పోయినం, కంప్యూటర్ పనిచెయ్యలె, రక్తం గోళీలిచ్చి పంపిండ్రు. ఇంకోసారి ఆమె గోదాం నుంచి రాలె. సెలవు పెడితే పని పోతదని పెనిమిటి చెప్పిండు. నా జాబితాల ఊరోళ్లు పదకొండు మంది ఉన్నరు. నెలనెలా వాళ్లవి అడుగుతరు పైనుంచి. ఐడీ లేనామె పేరు నేను విడిగ ఒక చిత్తు కాయిదం మీద రాసుకున్న. ఆమె సంగతి ఎవరూ అడుగలె. నేను గూడ ఊరోళ్లవి అయినంక పోదాం అనుకుంట రోజులు జరిపిన. ఇప్పుడు దాచకుంట రాస్తున్న, అయింది గిదే.

ఎనిమిదో నెల. ఒక మంగళారం పగటిపూట నేను వెనక గల్లీల పోతుంటే ఆమె రూము కాడ నుంచి చేయెత్తి పిలిచింది. అంతకుముందు ఎన్నడూ తనకు తానుగ పిలువలె. పోయిన. గడప మీద కూసున్నది. పాదాలు ఉబ్బినయి, వేలుతోని నొక్కితే గుంత పడ్డది. కడుపుతోని ఉన్నోళ్లకు పాదాలు వాస్తయిలే అనుకున్న. ఆమె నా చెయ్యి పట్టుకొని ఏదో మాట అన్నది. రెండు చేతులు కండ్ల మీద పెట్టి తీసింది. మళ్ల అదే మాట. నుదురు నొక్కుకున్నది. మళ్ల కండ్లు చూపెట్టింది.

"జల్తా హై?" అని అడిగిన. మండుతున్నయా అని. వాసన వచ్చే కంపెనీల దిక్కు చెయ్యి ఊపి చూపెట్టిన.

ఆమె తల ఊపింది.

"పానీసే ధో" అని, చెంబుల నీళ్లు తీసి ఆమె కండ్లు నేనే కడిగిన. నా కండ్లు గూడ ఆ రోజు మండుతనే ఉన్నయి. కొంగుతోని ఆమె మొకం తుడిచిన. ఆమె మళ్ల ఆ మాట అనబోయింది, నా మొకం చూసి ఊకున్నది. పరేషాన్ గావద్దని భుజం తట్టి వచ్చిన.

రెండు దినాలకు, బేస్తారం పొద్దుగాల నల్లా నీళ్లు వచ్చే టైముల పక్క రూము ఆమె మా ఇంటికి ఉరికొచ్చింది. నేను పోయేసరికి ఆఖరి రూముల ఆమె నేల మీద పడి కొట్టుకుంటున్నది. దవడ బిగుసుకపోయింది, నోట్ల నుంచి నెత్తురు నురుగు. నాలుక కరుచుకున్నది. నేను పక్కకు తిప్పి పట్టుకున్న, పెనిమిటి 108కు ఫోన్ చేసిండు గని అడ్రసు చెప్పరాలె. నేను గుంజుకొని చెప్పిన. బండి జల్దీనే వచ్చింది. ముందు తోల్కపోయిన సర్కారు దవాఖానల బీపీ చూసిండ్రు. చూసిన డాక్టరు ఎంబడే సూది తయారు చేసుకున్నడు. సూది ఇచ్చి, ఇక్కడ కాదు, హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోవాలె అన్నడు. ఇంకో బండి వచ్చేదాక గంట పైన నిలబడ్డం.

ఆ గంటల ఆమె పెనిమిటి నాతోని ఒక్కటే సంగతి చెప్పిండు. హిందీ మాటలు వెతుక్కుంట చెప్పిండు. రెండు మూడు దినాల సంది ఆమె ఒకటే చెప్తున్నదట. దీపం ముంగట పొగ ఉన్నట్ల కనబడుతున్నది, మనిషి మొకం తెలుస్తలేదు, తల పగులుతున్నది అని. "దిఖ్తా నహీ బోలీ" అన్నడు. చూపు కనబడ్తలేదు అన్నది. ఆయన కంపెనీల సూపర్‌వైజర్‌ను సెలవు అడిగిండు, ఆదివారం తీసుకో అన్నడట.

కడుపుతోని ఉన్నామెకు చూపు మసకైతే, తలనొస్తే, పాదాలు వాస్తే ఎంబడే బీపీ చూపియ్యాలె. అది నాకు ట్రైనింగుల చెప్పిండ్రు. బొమ్మల పుస్తకం గూడ ఇచ్చిండ్రు. నాకు తెలుసు. మంగళారం ఆమె నాకు చెప్పింది అదే. మా గాలికి మా కండ్లు రోజూ మండుతయి గనుక, ఆమెకు గూడ గదే అనుకున్న.

పెద్ద దవాఖానల ఆపరేషన్ చేసి పిల్లను తీసిండ్రు. పిల్ల లోపల్నే పోయింది. తల్లి బతుకుతదో లేదో రేపటిదాక చెప్పలేం అన్నరు. తల్లిని ఐసీయూల పెట్టిండ్రు, లోపలికి ఎవరినీ రానియ్యరు. ఒక ఆయమ్మ పిల్లను తెల్లబట్టల చుట్టి తెచ్చి ఆయన చేతులల్ల పెట్టింది. నేను బట్ట జరిపి చూసిన. ఆడపిల్ల. జుట్టు నిండుగ ఉన్నది, గోర్లు గూడ వచ్చినయి. పెదవులు మాత్రం నల్లగ ఉన్నయి.

ఆయన నన్ను అడిగిండు, ఎక్కడ పెట్టాలె అని. హైదరాబాద్‌ల ఆయనకు జాగ లేదు. మా ఊర్ల గూడ లేదు. మా దిక్కు చచ్చినోళ్లకు గూడ కులాల వారీగ జాగలుంటయి. పటేళ్లకు వాళ్ల పొలం గట్టున, మిగతోళ్లకు చెరువు వెనక, మా వాడోళ్లకు కంపెనీల నీళ్లు పారే వాగు పక్కన. రూములోళ్లు ఎవరన్న చచ్చిపోతే బండి కట్టుకొని వాళ్ల ఊర్లకు తీస్కపోతరు. ఇంత పిల్లను అంత దూరం ఎట్ల తీస్కపోతడు?

నేను ఇంటికి ఫోన్ చేసి మా ఆయనకు చెప్పిన. మా ఆయన వాడల ఇద్దరు పెద్దోళ్లను అడిగి, పది నిమిషాలల్ల మళ్ల చేసిండు. "తోల్కరా. మన కాడ్నే పెడుదాం."

పిల్ల తండ్రితోని పనిచేసేటాయన ఒకడు వచ్చి ఐసీయూ బయట కూసున్నడు. మేం పిల్లను తీసుకొని పటాన్‌చెరు బస్సు ఎక్కినం. బస్సు నిండ జనం. ఆయన చేతులల్ల గుడ్డల మూట చూసి కిటికీ పక్కన కూసున్న ఒక ముసలామె లేచింది.

"కూసో బిడ్డా, పసిగుడ్డును పట్టుకొని ఎంతసేపు నిలబడ్తవు" అన్నది.

ఆయనకు తెలుగు రాదు. నేను కూసోమని సైగ చేసిన. కూసున్నడు. ముసలామె వంగి, "పండుకున్నదా?" అని అడిగింది.

"ఆ, పండుకున్నది" అన్న నేను.

"గుడ్డ కప్పకుండ్రి మొకం మీద, గాలాడది" అన్నది. ఆయన ఏమన్నదని నా దిక్కు చూసిండు. నేను చెప్పలె. ఆమె తన చేతితోని గుడ్డ అంచు జరుపబోతే ఆమె చెయ్యి పట్టుకున్న. "చలి పెడ్తది పెద్దమ్మా" అన్న. ఆమె సరే అని ఊకున్నది. పటాన్‌చెరు దాక ఆ ముసలామె ఆ మూట మీద ఎండ పడకుంట తన కొంగు అడ్డం పట్టుకొని నిలబడ్డది.

వాగు పక్కకు పోయేసరికి మా ఆయన గుంత తవ్వి ఉంచిండు. మా అత్త గూడ వచ్చింది. ఎవరూ పిలువలె, తనే వచ్చింది. జాగ చూసి, "ఇట్ల గాదు, జెర ఇటు జరుపుండ్రి. మనదాని పక్కకు పెట్టుండ్రి, తోడుంటది" అన్నది.

మనది అన్నది నా మొదటి పిల్ల. నాకప్పుడు పందొమ్మిదేండ్లు. తొమ్మిదో నెల నిండినంక గూడ పటేలు పొలంల నాట్లకు పోయిన. పోకపోతే మరుసటి సారి పిలువరు. బురదల వంగి ఉన్నప్పుడే నొప్పులు వచ్చినయి. ఎడ్లబండి దొరుకలె, పటేలు ట్రాక్టర్ అడిగితే డ్రైవరు లేడన్నరు. ఇంటికొచ్చేసరికే పిల్ల అడ్డం తిరిగింది. మా అత్త తన చేతులతోని తీసింది. ఆ పిల్ల గూడ ఏడ్వలె. ఎందుకట్లయిందని అప్పుడు ఎవరూ అడుగలె, నేను గూడ అడుగలె. మా అసొంటోళ్లకు ఒకరిద్దరు పోతరు, మిగిలినోళ్లు మిగుల్తరు అనుకునేది. తర్వాత నాకు ఇద్దరు కొడుకులు పుట్టిండ్రు. ఆశా పని ఇస్తమన్నప్పుడు అందుకే ఒప్పుకున్న. ఇగ ఎవరికీ గట్ల కావద్దని.

ఆయన పిల్లను గుంతల పెట్టి వాళ్ల భాషల చాలాసేపు మాట్లాడిండు. మేం దూరం జరిగి నిలబడ్డం. మన్ను వేసెటప్పుడు మా అత్త ఆయన వీపు మీద చెయ్యి పెట్టింది. ఆయన మళ్ల హైదరాబాద్ బస్సెక్కిండు.

ఆమె బతికింది. పన్నెండు దినాలకు రూముకొచ్చింది. నేను పోయిన. పోవుడు నా డ్యూటీ, గని ఆ రోజు గల్లీల మూడుసార్లు వెనక్కి తిరిగిన. ఆమె గోడకు ఒరిగి కూసున్నది. రవికె ముంగటి దిక్కు తడిసి ఉన్నది. పాలు పడ్డయి. పిల్ల లేదని పాలకు తెల్వది. నొప్పికి ఆమె చేతులు ఎత్తలేకపోతున్నది. వేడినీళ్ల గుడ్డతోని కాపి, పాలు పిండి, నా పాత చీర చింపి ఛాతీకి కట్టిన. పిండిన పాలు ఏం చెయ్యాల్నో తెల్వక గిన్నెల పట్టుకొని కూసున్న. ఆమె గిన్నె తీస్కొని మోరీల పారబోసింది.

అప్పుడు నన్ను ఏదో అడిగింది. పెనిమిటి అక్కడ్నే కూసున్నడు గని మాట తిప్పి చెప్పలె, తల కిందికేసుకున్నడు. ఆమె ఇంకోసారి అడిగింది.

"క్యా బోల్తీ?" అని ఆయనను అడిగిన.

పిల్ల మొకం ఎట్లున్నదని అడుగుతున్నది అన్నడు. ఆమె చూడలె. ఆమెకు తెలివొచ్చేసరికి పిల్ల మా వాగు పక్కన ఉన్నది. దవాఖానల ఆమెకు ఎవరో ఏదో చెప్పిండ్రట గని ఏ భాషల చెప్పిండ్రో, ఏం చెప్పిండ్రో. ఆయనను అడిగితే ఏడుస్తున్నడు, చెప్తలేడు. మొకం చూసింది మేమిద్దరమే.

నేను చెప్పిన. ఆయన తిప్పి చెప్పిండు. జుట్టు నిండుగ ఉన్నదని చెప్పిన. నీ లెక్కనే సన్నటి ముక్కు అని చెప్పిన. గోర్లు వచ్చినయని చెప్పిన. పెదవుల సంగతి చెప్పలె. ఎక్కడ పెట్టినమో, పక్కన ఎవరున్నరో చెప్పిన. ఆ ఆఖరు మాట ఆయన చెప్పినంక ఆమె నా మొకం దిక్కు చూసింది, చానాసేపు. కడుపు మీద చెయ్యి పెట్టి, నువ్వు గూడనా అన్నట్లు వేలు చూపెట్టింది. ఆ ఒక్కటి నాకు ఎవరూ తిప్పి చెప్పాల్సిన పని లేకుండె. ఇద్దరం ఏడ్చినం.

నెల తర్వాత సంగారెడ్డిల మీటింగ్ పెట్టిండ్రు. పిల్ల చచ్చిపోయిన ప్రతి కేసుకు ఒక ఫారం ఉంటది, ఎందుకు పోయిందో రాయాలె. మీటింగ్ పెట్టిన జిల్లా సారు అడిగిండు, ఎన్నిసార్లు చెకప్‌కు వచ్చింది అని. రెండుసార్లు అన్న. కంప్యూటర్ల ఒక్కసారి గూడ లేదన్నడు. గోళీలు మింగిందా అన్నడు. సరిగ మింగలె అన్న. "కుటుంబం నిర్లక్ష్యం" అని చదువుకుంట రాసిండు.

"నిర్లక్ష్యం కాదు సార్. ఆమె చెప్పింది. నాకు అర్థం కాలె" అన్న.

సారు కలం ఆపిండు. "అయితే ఆశా నిర్లక్ష్యం అని రాయాల్నా?"

రూముల ముప్పై మంది ఉన్నరు. నర్సమ్మ తల కిందికేసుకున్నది. ఆ ఫారంల రెండే గడులు ఉన్నయి, ఆ ఇంటోళ్లది ఒకటి, నాది ఒకటి. ఓటీపీకి, డ్రమ్ములకు, సెలవియ్యని సూపర్‌వైజర్‌కు, గంట ఆగిన బండికి గడి లేదు. సారు ముందు రాసిందే ఉంచి ఇంకో ఫారం తీసిండు. ఆ రోజు మాట్లాడకపోయినందుకు నన్ను నేను ఇప్పటికీ మాఫ్ చేసుకోలె.

ఆ తర్వాత పదిహేను దినాలకు వాళ్లు రూము కాలీ చేసి పోయిండ్రు. ఎటు పోయిండ్రో పక్క రూమోళ్లకు గూడ తెల్వదు. ఆయన ఫోనుకు కొడితే స్విచాఫ్ వస్తది.

పటేలు కోడలు మూడో నెల పిల్లతోని ఊరికొచ్చింది. ఆమెకు గూడ ఆడపిల్లే. తూకం వేద్దామని పోయిన. పిల్ల తెల్లగ, బొద్దుగ ఉన్నది. మంచిగ పెరిగింది అన్న.

"ఈమెను కనేటప్పుడు నాకు మస్తు పరేషాన్ అయింది ఆశమ్మా" అన్నది కోడలు. "ఏడో నెలల బీపీ పెరిగింది. కండ్ల ముంగట మసక మసక వచ్చింది ఒకరోజు. ఎంబడే తోల్కపోయి గోళీలు మొదలుపెట్టిండ్రు. ఇంట్లనే మిషన్ కొనుక్కొని రోజూ పొద్దుగాల, సాయంత్రం చూసుకునేదాన్ని. జెర ఆలస్యమైతే ఇద్దరం పోతుంటిమని చెప్పింది డాక్టరు."

నా చేతుల తూకం సంచి ఉన్నది. కింద పెట్టిన. ఆఖరి రూముల ఆమె సంగతి చెప్పిన. మొత్తం చెప్పిన.

కోడలు పిల్లను ఛాతీకి పట్టుకొని విన్నది. "మా ఇంటెనకనా?" అని అడిగింది. "కడుపుతోని ఉన్నామె ఒకరు మా వెనక ఉన్నట్లే నాకు తెల్వదు. నాకెందుకు చెప్పలె నువ్వు?"

మీరు వరండా దాటి రానిస్తే గదా చెప్పేది అని నోటి దాక వచ్చింది. అనలె. ఆమె కండ్లల్ల నీళ్లున్నయి, అబద్ధపు నీళ్లు కావు. అదిగాక, ఆమెకు చెప్పాలన్న ఆలోచన నాకూ రాలె. ముందు గేటు మాట ముందు గేటు కాడ, వెనక గేటు మాట వెనక గేటు కాడ అని నాకు నేనే గీత గీసుకున్న.

ఆమె లోపలికి పోయి బీపీ మిషన్ తెచ్చి నా చేతుల పెట్టింది. "నీ కాడ ఉంచు" అన్నది. పటేలమ్మ ఏదో అనబోయి ఆగింది.

మిషన్ తీసుకొని ఆ పగటిపూటనే వెనక గేటుకు పోయిన. ఆఖరి రూములకు కొత్తోళ్లు దిగిండ్రు. జార్ఖండ్ వాళ్లని విన్న. ఆడామె నాలుగో నెలనట, హిందీ జెర జెర వస్తది. చేతికి పట్టీ కట్టి మిషన్ నొక్కిన. అంకెలు బాగానే ఉన్నయి. ఎట్లున్నది అని అడిగిన. తల ఊపింది.

తల ఊపితే నేను ఇప్పుడు లేస్తలేను. ఆమె పెనిమిటికి ఫోన్ చేసిన. డ్యూటీల ఉన్న, లంచ్ టైముకు మాట్లాడుత అన్నడు. ఇంక గంటన్నర ఉన్నది. సరే అని చెప్పి, గడప మీద ఆమె పక్కన కూసున్న.